వృషణాల ఇన్ఫెక్షన్: పదే పదే వచ్చే ప్రశ్నలు, వాటికి జవాబులు

వృషణాల నొప్పి గురించి అడిగేవాళ్ళు చాలామంది రెండు మాటలతో మొదలుపెడతారు. "ఎవరికీ చెప్పలేదు" అన్నది మొదటిది, "నాలుగు రోజులైంది" అన్నది రెండోది. మందులతో పది రోజుల్లో లొంగే జబ్బు ముదరడానికి చాలాసార్లు ఈ రెండే కారణం. అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుండటంతో వాటిని అడిగినవాళ్ళ మాటల్లోనే ఒకచోట కూర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాను కనుక కొన్ని సంగతులు రెండుసార్లు కనిపిస్తాయి. మందుల పేర్లు ఉన్నది మీకు తెలియడానికే. వాటిని చూసి సొంతంగా కొని వాడమని కాదు.

## నొప్పి, వాపు కనిపించిన తొలి గంటల్లో

రాత్రి ఒక్కసారిగా భరించలేని నొప్పి మొదలైంది. ఇన్ఫెక్షనే అనుకుని తెల్లవారేదాకా ఆగవచ్చా?

ఆగకూడదు. వృషణం తనకు రక్తం తెచ్చే తాడు మీద తానే మెలి తిరిగిపోతే ఇలాంటి నొప్పే వస్తుంది. మెలిపడిన క్షణం నుంచి రక్తప్రసరణ ఆగిపోతుంది. సుమారు 6 గంటల లోపు ఆపరేషన్ చేసి మెలిక విప్పితే పదిలో తొమ్మిది వృషణాలకు పైగా దక్కుతాయి. 12 గంటలు దాటితే ఆ ఆశ సగానికి పడిపోతుంది, 24 గంటల తరువాత దక్కడం అరుదు. ఈ ముప్పు 12 నుంచి 18 ఏళ్ళ వయసులో ఎక్కువ, అయినా పెద్దవాళ్ళకు రాదని కాదు. అందువల్ల హఠాత్తుగా వచ్చిన నొప్పిని, అది మెలిక కాదని తేలేదాకా మెలికగానే చూడాలి. అర్ధరాత్రయినా అత్యవసర విభాగానికి వెళ్ళాలి. ఆపరేషన్ అవసరం పడవచ్చు కనుక బయలుదేరే ముందు ఏమీ తినకండి, తాగకండి. తీరా ఇన్ఫెక్షనే అని తేలితే పోయేది ఒక్క రాత్రి నిద్ర.

ఇన్ఫెక్షన్ నొప్పికీ, మెలిపడిన నొప్పికీ తేడా నాకే తెలుస్తుందా?

కొంత ఊహించవచ్చు, తేల్చుకోవడం మాత్రం మీ పని కాదు. ఇన్ఫెక్షన్ నొప్పి సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో మెల్లగా పెరుగుతుంది. ఒకవైపు సలుపు, వాపు, చర్మం ఎర్రబారి వేడిగా ఉండటం, జ్వరం, మూత్రం పోసేటప్పుడు మంట, పురుషాంగం నుంచి చీములాంటి స్రావం, వీటిలో కొన్ని తోడుగా ఉంటాయి. మెలిక పడిన నొప్పి నిమిషాల్లో తారస్థాయికి చేరుతుంది. వికారం, వాంతులు ఉంటాయి, ఆ వృషణం రెండోదాని కంటే పైకి లాగినట్టు లేదా అడ్డంగా తిరిగినట్టు కనిపిస్తుంది. చేత్తో పైకి ఎత్తిపట్టుకుంటే నొప్పి తగ్గితే ఇన్ఫెక్షన్ అని చాలామంది చెబుతారు. ఆ పరీక్షను నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు, అది చాలాసార్లు తప్పుతుంది.

పదేళ్ళ మా అబ్బాయి కడుపునొప్పి అంటున్నాడు. దీనికీ వృషణాలకూ సంబంధం ఉంటుందా?

ఉండవచ్చు. వృషణాలకు వెళ్ళే నరాలు పొత్తికడుపు వైపు నుంచి వస్తాయి కనుక నొప్పి అక్కడ తెలుస్తుంది. పైగా ఆ వయసు పిల్లలు సిగ్గుతో అసలు చోటు చెప్పరు, కడుపు అని తప్పించుకుంటారు. పొత్తికడుపు నొప్పి, వాంతులతో ఉన్న మగపిల్లవాడి వృషణాలు కూడా చూడటం డాక్టర్ల అలవాటు, అమ్మానాన్నలకూ అది అలవాటు కావాలి. వాపు గానీ ఎరుపు గానీ కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. పిల్లల్లో ఎపిడిడిమిస్ (వృషణం వెనుక ఉండే మెలికల నాళం) వాపు కూడా వస్తుంది. చాలాసార్లు అది ఏదో వైరస్ జ్వరం తరువాత వచ్చి తనంతట తాను తగ్గేదే. మళ్ళీ మళ్ళీ వస్తుంటే మాత్రం మూత్రనాళాల నిర్మాణంలో పుట్టుకతో లోపం ఉందేమో చూడాలి.

నొప్పి లేదు గానీ ఒక వృషణంలో గట్టి గడ్డ తగులుతోంది. ఇదీ ఇన్ఫెక్షనేనా?

ఇన్ఫెక్షన్ అయితే సాధారణంగా నొప్పి ఉంటుంది. నొప్పి లేని గట్టి గడ్డ వృషణ కేన్సర్ కావచ్చు. ఇది పెద్దవయసు జబ్బు కాదు, 15 నుంచి 40 ఏళ్ళ లోపు వారిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. తొలిదశలో పట్టుకుంటే దాదాపు పూర్తిగా నయమయ్యే కేన్సర్లలో ఇది ఒకటి. ఒక స్కానింగ్, కొన్ని రక్తపరీక్షలతో విషయం తేలుతుంది. వృషణం వెనుక వైపు మెత్తగా, పొడవుగా తగిలే మెలికల నాళం మాత్రం సహజమైన భాగమే. దాన్నే గడ్డ అనుకుని కంగారుపడేవాళ్ళు తక్కువేమీ కాదు.

నొప్పి లేకుండా వృషణాల సంచి నీళ్ళు నిండినట్టు పెద్దదవుతోంది. మందులతో తగ్గుతుందా?

వృషణం చుట్టూ నీరు చేరే ఈ స్థితినే వరిబీజం అంటారు. యాంటీబయాటిక్‌తో ఇది తగ్గదు, ఇబ్బంది పెడితే చిన్న ఆపరేషన్ చేస్తారు. దోమల ద్వారా వ్యాపించే బోదకాలు పురుగు కూడా దీనికి ఒక కారణం. పడుకుంటే తగ్గి, నిలబడితే, దగ్గితే పెరిగే వాపు అయితే గజ్జల్లో హెర్నియా అయి ఉండవచ్చు. అలాంటి వాపు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే అది అత్యవసర పరిస్థితి.

## ఎందుకు వచ్చిందన్న ప్రశ్న

డాక్టరు 'ఎపిడిడిమిస్' వాచింది అన్నారు. అంటే వృషణం కాదా?

ప్రతి వృషణం వెనుకా అంటుకుని ఉండే సన్నని మెలికల నాళమే ఎపిడిడిమిస్. విప్పి సాగదీస్తే 6 మీటర్ల దాకా ఉంటుంది. వృషణంలో పుట్టిన వీర్యకణాలు ఈ నాళంలో ప్రయాణిస్తూ పరిపక్వమవుతాయి. మనం వృషణాల ఇన్ఫెక్షన్ అనేది చాలాసార్లు మొదలయ్యేది ఇక్కడే. సూక్ష్మజీవులు మూత్రనాళం నుంచో, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి నుంచో వీర్యనాళం గుండా ఎదురెక్కి ముందు ఈ మెలికల్లో చేరతాయి, అక్కడి నుంచి వృషణానికి పాకుతాయి. వృషణం ఒక్కటే వాచడం తక్కువ. అలా జరిగితే గవదబిళ్ళల వంటి వైరస్‌ను అనుమానిస్తారు, ఎందుకంటే వైరస్ రక్తం ద్వారా నేరుగా వృషణానికి చేరుతుంది.

నేను ఏ తప్పూ చేయలేదు. నాకే ఎందుకు వచ్చింది?

తప్పొప్పుల లెక్కతో వచ్చే జబ్బు కాదు ఇది. లైంగిక జీవితం ఉన్న యువకుల్లో, సుమారు 35 ఏళ్ళ లోపు, ఎక్కువగా కనిపించేవి కలయిక ద్వారా సోకే క్లమీడియా, గనేరియా సూక్ష్మజీవులు. ఆ వయసు దాటిన వారిలో పేగుల్లో ఉండే ఈ. కోలై వంటి బాక్టీరియా మూత్రంలో చేరి వెనక్కి పాకడం ఎక్కువ. ప్రోస్టేట్ పెరిగి మూత్రం పూర్తిగా ఖాళీ కాకపోవడం, మూత్రనాళంలో గొట్టం వేయడం, ప్రోస్టేట్ నుంచి ముక్క తీసి పరీక్షించడం, ఇలాంటివి దానికి దారి తీస్తాయి. కండోమ్ లేకుండా గుద సంభోగంలో పాల్గొన్న యువకుల్లోనూ పేగు బాక్టీరియా రావచ్చు. 35 అన్నది గీసిన గీత కాదు. యాభై ఏళ్ళ మనిషికి క్లమీడియా రావచ్చు, ఇరవై ఏళ్ళ అబ్బాయికి మూత్ర ఇన్ఫెక్షన్ రావచ్చు. అందుకే డాక్టరు వయసుతో పాటు మీ జీవితాన్నీ అడుగుతారు.

ఇది సుఖవ్యాధి అన్నారు. నా భార్య నన్ను అనుమానించదా? లేక నేను ఆమెను అనుమానించాలా?

ముందుగా, ఇది నిజంగా సుఖవ్యాధేనా అన్నది పరీక్షలో తేలాలి. వయసు చూసి ఊహించినంత మాత్రాన ఇంట్లో తీర్పులు మొదలుపెట్టకూడదు. పరీక్షలో క్లమీడియా అనే తేలినా అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఆ కాగితం చెప్పదు. క్లమీడియా నెలల తరబడి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, ఏ లక్షణమూ లేకుండా శరీరంలో ఉండగలదు. స్త్రీలలో చాలామందికి అసలు తెలియనే తెలియదు. చెప్పవలసిన మాట సూటిగా ఉంటే చాలు: "నాకు ఇన్ఫెక్షన్ ఉంది, నీకూ ఉండవచ్చు, ఇద్దరం చూపించుకోవాలి." దాచిపెట్టి మీరొక్కరే మందు వాడితే నష్టం ఆమెకే ఎక్కువ. చికిత్స లేకపోతే గర్భాశయ నాళాలు దెబ్బతిని పిల్లలు పుట్టకపోవడం, గర్భం నాళంలో నిలవడం వంటివి జరగవచ్చు. మాట ఎత్తడం కష్టంగా ఉంటే డాక్టరు ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడటం ఒక దారి.

హస్తప్రయోగం వల్ల వచ్చిందా? బిగుతు లోదుస్తులు, సైకిల్ తొక్కడం, బరువులు ఎత్తడం కారణమా?

హస్తప్రయోగం వల్ల రాదు. స్వప్నస్ఖలనం వల్ల రాదు. లోదుస్తుల బిగుతు ఇన్ఫెక్షన్ తేదు, తెచ్చేది సూక్ష్మజీవి. సైకిల్ సీటు ఒత్తిడితో నొప్పి రావచ్చు, అది వేరు. బరువుల విషయంలో చిన్న మినహాయింపు ఉంది. మూత్రాశయం నిండుగా ఉండగా ముక్కి పెద్ద బరువు ఎత్తితే కొందరిలో మూత్రం వీర్యనాళంలోకి వెనక్కి తన్ని ఎపిడిడిమిస్‌ను రేపవచ్చు. బరువు ఎత్తే ముందు మూత్రానికి వెళ్ళిరావడం మంచిదే.

గవదబిళ్ళలు వచ్చిన వారానికి వృషణం వాచింది. ఇక పిల్లలు పుట్టరా?

ఈ ఒక్క ప్రశ్న చుట్టూ ఉన్నంత భయం ఈ పేజీలో మరి దేని చుట్టూ లేదు. యుక్తవయసు దాటాక, టీకా లేకుండా గవదబిళ్ళలు వచ్చిన మగవారిలో సుమారు 15 నుంచి 30 శాతం మందికి వృషణం వాస్తుంది. సాధారణంగా బుగ్గల వాపు మొదలైన 4 నుంచి 8 రోజులకు, మళ్ళీ జ్వరంతో వస్తుంది. యుక్తవయసు రాని పిల్లల్లో ఇది అరుదు. ఎక్కువ మందిలో వాచేది ఒక వృషణమే. వాచిన వృషణం తరువాత కొంత చిన్నదైపోవడం తరచుగా జరుగుతుంది, వీర్యకణాలు కొంతకాలం తగ్గవచ్చు కూడా. పూర్తిగా సంతానం లేకుండా పోవడం మాత్రం రెండు వృషణాలూ వాచినవారిలో సైతం అరుదే. ఇది వైరస్ కనుక యాంటీబయాటిక్ పనిచేయదు. విశ్రాంతి, నొప్పి మాత్రలు, చల్లని కాపడం, వృషణాలకు ఆసరా, ఇవే చికిత్స. బుగ్గలు వాచినప్పటి నుంచి 5 రోజులు ఇతరులకు దూరంగా ఉండాలి.

వాపు నెలల నుంచి మెల్లగా గట్టిపడుతోంది, యాంటీబయాటిక్ పనిచేయడం లేదు. ఏమై ఉంటుంది?

క్షయ కావచ్చు. క్షయ ఊపిరితిత్తులకే కాదు, ఎపిడిడిమిస్‌కూ వస్తుంది. నొప్పి తక్కువ, గట్టిదనం ఎక్కువ. వీర్యనాళం పూసల దండలా తగలడం, సంచి చర్మం మీద రంధ్రం పడి చీము కారుతూ ఉండటం దాని గుర్తులు. మూత్రంలో చీము కణాలు ఉన్నా, సూక్ష్మజీవిని పెంచి చూసే మామూలు కల్చర్‌లో ఏదీ పెరగదు. చికిత్స కనీసం 6 నెలలు. రెండో అనుమానం బ్రూసెల్లా అనే బాక్టీరియా. పశువులతో పనిచేసేవారికి, పచ్చిపాలు తాగేవారికి వస్తుంది. వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్ళ నొప్పులు, నడుమునొప్పి ఉంటాయి. దీనికి రెండు మందులు కలిపి సుమారు 6 వారాలు వాడాలి. మీరు పశువుల దగ్గర పనిచేస్తారన్న సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి, వారికి తట్టకపోవచ్చు.

సంచి చర్మం మీద దురద, ఎర్రని మచ్చలు, గజ్జల్లో మంట. ఇది వృషణాల ఇన్ఫెక్షనా?

కాదు. ఇది చర్మానికి వచ్చేది, సాధారణంగా తామర. చెమట ఆరనీయక రోజంతా తడిగా ఉంచితే పెరుగుతుంది. చర్మవైద్యుడు ఇచ్చే ఫంగస్ మందుతో తగ్గుతుంది. దురద తగ్గించే స్టిరాయిడ్ పూతలు కొని రాసుకోవద్దు, పైకి తగ్గినట్టు కనిపించి తామర ఇంకా విస్తరిస్తుంది.

## డాక్టరు దగ్గర

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి? ఏమేమి అడుగుతారో అని బెరుకుగా ఉంది.

నొప్పి హఠాత్తుగా వస్తే అత్యవసర విభాగం. మెల్లగా వచ్చినదైతే యూరాలజిస్టు (మూత్ర, పురుష జననేంద్రియాల వైద్యుడు), లేదా మీకు అలవాటైన సాధారణ వైద్యుడైనా మొదలుపెట్టగలరు. నొప్పి ఎప్పుడు మొదలైంది, మూత్రంలో మంట ఉందా, స్రావం ఉందా, ఇటీవల కొత్త భాగస్వామి ఉన్నారా, కండోమ్ వాడారా, ఈ మధ్య మూత్రనాళానికి ఏ ప్రక్రియ అయినా జరిగిందా, ఇవీ ప్రశ్నలు. ఏ సూక్ష్మజీవికి గురిపెట్టాలో మీ జవాబుల మీదే ఆధారపడుతుంది. ఇక్కడ అబద్ధం చెబితే మోసపోయేది డాక్టరు కాదు. తోడు వచ్చినవాళ్ళ ముందు చెప్పలేకపోతే కాసేపు ఒంటరిగా మాట్లాడాలని అడగండి, అందులో తప్పేమీ లేదు.

ఏ పరీక్షలు చేస్తారు? మూత్రం ఎలా ఇవ్వాలి?

రెండు రకాల నమూనాలు ఉంటాయి, కలగాపులగం చేయకూడదు. క్లమీడియా, గనేరియా కోసం అయితే మూత్రపు తొలిధార కావాలి, అంతకు ముందు కనీసం ఒక గంట మూత్రం పోయకుండా ఉండాలి. మామూలు మూత్ర ఇన్ఫెక్షన్ కల్చర్‌కు అయితే తొలిధార వదిలేసి నడిమి ధార పట్టాలి. నమూనా ఇచ్చాకే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, ముందే మాత్ర వేసుకుంటే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. సుఖవ్యాధి అనుమానం ఉంటే హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించడం పద్ధతి. ఫలితాలు వచ్చేదాకా చికిత్స ఆపరు, అనుమానాన్ని బట్టి ఆ రోజే మందు మొదలుపెడతారు.

స్కానింగ్ తప్పనిసరా?

లక్షణాలన్నీ స్పష్టంగా ఉంటే అవసరం పడకపోవచ్చు. మెలికా ఇన్ఫెక్షనా అన్న సందేహం ఉన్నప్పుడు, చీముగడ్డ లేదా కణితి అనుమానం ఉన్నప్పుడు డాప్లర్ స్కానింగ్ చేస్తారు. ఇన్ఫెక్షన్‌లో రక్తప్రవాహం పెరిగి కనిపిస్తుంది, మెలిపడితే తగ్గిపోతుంది లేదా ఉండదు. సూది ఉండదు, మీద జెల్ రాసి పరికరం ఆనిస్తారు, అంతే. మెలిక అని గట్టిగా అనిపిస్తే స్కానింగ్ కోసం కూడా ఆగకుండా ఆపరేషన్‌కు తీసుకువెళ్ళడం సరైన పని.

## మందులు వాడుతున్నప్పుడు

ఏ మందులు ఇస్తారు, ఎన్నాళ్ళు?

సుఖవ్యాధి అనుమానం ఉంటే ఎక్కువగా ఇచ్చేది సెఫ్ట్రయాక్సోన్ ఇంజెక్షన్ ఒకటి, దానితో డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 10 రోజులు. కొన్ని దేశాల పద్ధతిలో 14 రోజుల దాకా పొడిగిస్తారు. పేగు బాక్టీరియా అనుకుంటే లీవోఫ్లాక్ససిన్ వంటి మాత్ర సుమారు 10 రోజులు. కల్చర్ ఫలితం వచ్చాక మందు మార్చవలసి రావచ్చు. ప్రోస్టేట్ కూడా వాచి ఉంటే గడువు ఇంకా పెరుగుతుంది. అలర్జీలు, మూత్రపిండాల జబ్బు, వాడుతున్న ఇతర మందులు ముందే చెప్పండి.

డాక్సీసైక్లిన్ వేసుకుంటే గుండెల్లో మంట. ఆపేయనా?

ఆపవద్దు, వేసుకునే తీరు మార్చండి. గ్లాసు నిండా నీళ్ళతో, కూర్చుని లేదా నిలబడి మింగాలి. తరువాత అరగంట పడుకోకూడదు. పడుకునే ముందు గుక్కెడు నీళ్ళతో మింగితే మాత్ర అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. పాలు, ఎసిడిటీ మందులు, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకుంటే సరిగా ఒంటపట్టదు, రెండు మూడు గంటల ఎడం ఉంచాలి. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, జాగ్రత్త. లీవోఫ్లాక్ససిన్ వాడేవారికి వేరే హెచ్చరిక: మడమ వెనుక స్నాయువు (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే పట్టీ) దగ్గర నొప్పి మొదలైతే మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చెప్పాలి.

రెండు రోజుల్లోనే నొప్పి పోయింది. మాత్రలు ఆపవచ్చా? మిగిలినవి దాచుకోనా?

ఆపకూడదు. నొప్పి తగ్గడం సూక్ష్మజీవి బలహీనపడిందనడానికి గుర్తు మాత్రమే. మధ్యలో మానేస్తే మిగిలినవి తిరిగి పుంజుకుంటాయి, ఈసారి అదే మందుకు లొంగకపోవచ్చు. దాచుకోవడం మరో తప్పు. ఒకప్పుడు గనేరియాకు ఒక్క మాత్ర చాలేది. ఆ మందులు చాలావాటికి అది ఇప్పుడు లొంగడం లేదు, అందుకే ఇంజెక్షన్ దాకా వచ్చింది. పాత అట్టలో మిగిలిన మాత్ర మీ ఇప్పటి జబ్బుకు సరిపడేది కాకపోవచ్చు, మిత్రుడిచ్చినది అయితే చెప్పనక్కరలేదు.

మూడు రోజులైనా తగ్గలేదు.

72 గంటల్లో నొప్పి, జ్వరం తగ్గుముఖం పట్టాలి. పట్టకపోతే మళ్ళీ చూపించుకోండి. మందు ఆ సూక్ష్మజీవికి సరిపడకపోవచ్చు, లోపల చీముగడ్డ కట్టి ఉండవచ్చు, వృషణానికి రక్తం అందక దెబ్బతిని ఉండవచ్చు, అసలు జబ్బే వేరై ఉండవచ్చు. స్కానింగ్ చేయకపోయి ఉంటే ఇప్పుడు చేయాలి.

ఇంట్లో ఉపశమనానికి ఏమి చేయాలి? వేడి కాపడమా, చల్లదనమా?

తొలి రోజుల్లో చల్లదనమే. మంచుముక్కలను గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఆనించి తీసేయండి. నేరుగా చర్మానికి తగిలితే కమిలిపోతుంది. పడుకున్నప్పుడు తొడల మధ్య మడిచిన తువాలు పెట్టి వృషణాలను దాని మీద ఎత్తుగా ఉంచితే సలుపు చాలా తగ్గుతుంది. ఇంత చిన్న ఉపాయం పనిచేస్తుందంటే మొదట ఎవరూ నమ్మరు. నడిచేటప్పుడు ఆసరా ఇచ్చే లోదుస్తులు వేసుకోండి, వదులువి కాదు. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు. ఐబుప్రోఫెన్ వాపును కూడా తగ్గిస్తుంది గానీ కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అడగకుండా వేసుకోకూడదు. ఆకుల పట్టీలు, పసర్లు వాచిన చర్మం మీద వేయవద్దు.

భార్యకు ఏ లక్షణమూ లేదు. ఆమె కూడా మందు వాడాలా? మేము మళ్ళీ ఎప్పుడు కలవవచ్చు?

సుఖవ్యాధి అని తేలినా, గట్టి అనుమానం ఉన్నా, మీ లక్షణాలు మొదలవడానికి ముందు 60 రోజుల్లో మీతో కలిసినవారందరూ పరీక్ష, చికిత్స తీసుకోవాలి. లక్షణం లేకపోవడం జబ్బు లేకపోవడం కాదు. ఆమె మందు ఆమె డాక్టరే రాయాలి, గర్భవతి అయితే డాక్సీసైక్లిన్ సాధారణంగా వాడరు. ఇద్దరి కోర్సూ ముగిసి, మీ లక్షణాలు పోయేదాకా కలయిక వద్దు, కండోమ్‌తో కూడా. లేకపోతే జబ్బు మీ ఇద్దరి మధ్య బంతిలా తిరుగుతూ ఉంటుంది. కారణం మూత్ర ఇన్ఫెక్షనే అని తేలితే ఆమెకు చికిత్స అవసరం లేదు.

ఆస్పత్రిలో చేరవలసి వచ్చేది ఎప్పుడు?

వణుకుతో తీవ్ర జ్వరం, వాంతులతో మాత్రలు నిలవకపోవడం, చీముగడ్డ, మూత్రం ఆగిపోవడం ఉంటే చేరాలి. అన్నిటికంటే భయంకరమైనది ఫోర్నియర్ గాంగ్రీన్. చర్మం కింది కణజాలం గంటల్లో కుళ్ళిపోతుంది. పైకి కనిపించే వాపుతో పొంతన లేనంత నొప్పి, చర్మం ఊదారంగుకో నలుపుకో తిరగడం, నొక్కితే చిటపటమనడం, దుర్వాసన దాని లక్షణాలు. మధుమేహం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మధుమేహం మందులు వాడేవారిలో అరుదుగా ఇది వచ్చిందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. ఆ మందులు మీకు మీరే మానేయవద్దు, ఈ లక్షణాలు కనిపిస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగవద్దు.

## తగ్గిన తరువాత

కోర్సు పూర్తయింది, నొప్పి లేదు. కానీ ఇంకా గట్టిగా, ఉబ్బుగా ఉంది.

నొప్పి ముందు పోతుంది, వాపు తరువాత పోతుంది. ఎపిడిడిమిస్ మెత్తబడటానికి వారాలు, కొందరిలో రెండు మూడు నెలలు పట్టవచ్చు. వారం వారం కొంచెమైనా తగ్గుతూ ఉండాలి. తగ్గకుండా నిలిచిపోయినా, గట్టిదనం వృషణంలోనే ఉన్నట్టు తోచినా స్కానింగ్ చేయించాలి. కేన్సర్ కణితి కూడా మొదట ఇన్ఫెక్షన్‌లా కనిపించి మోసం చేయగలదు.

నాకు పిల్లలు పుట్టే అవకాశం తగ్గిందా?

ఒకవైపు వచ్చి, త్వరగా చికిత్స అందితే సాధారణంగా ఏమీ కాదు, రెండో వృషణం ఒక్కటే చాలు. రెండువైపులా వచ్చినా, ఆలస్యమైనా నాళంలో మచ్చకట్టి దారి మూసుకుపోయే వీలుంది. తెలుసుకోవాలంటే వీర్యపరీక్ష చేయించండి, అయితే తొందరపడవద్దు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. జ్వరంలో ఉన్నప్పుడు తయారైనవి బలహీనంగా ఉంటాయి. జబ్బు తగ్గిన 3 నెలల తరువాత చేసిన పరీక్షకే విలువ. తొలి నెలలో చేయించి, కాగితం చూసి కుంగిపోయేవాళ్ళు చాలామంది.

అన్ని పరీక్షలూ బాగున్నాయి, అయినా నెలల తరబడి మందకొడి నొప్పి. నా మాట ఎవరూ నమ్మడం లేదు.

నొప్పి నిజమే. 3 నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పిగా చూస్తారు. సూక్ష్మజీవి పోయినా నరాలు రేగిపోయి ఉండటం, కటి కండరాలు బిగుసుకుపోవడం కారణాలు కావచ్చు. వేసెక్టమీ (మగవారికి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) తరువాత కూడా కొందరికి ఇలా ఉంటుంది. ఇన్ఫెక్షన్ ఆధారం లేకుండా యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు వాడటం వల్ల లాభం లేదు. నరాల నొప్పి మందులు, కటి కండరాల ఫిజియోథెరపీ, నరానికి మత్తు ఇంజెక్షన్ వంటివి పనికొస్తాయి. వృషణం తీసేయించుకోవాలన్న ఆలోచన చివరిది, అది చేసినా కొందరికి నొప్పి పోదు.

తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తోంది.

ఎక్కడో మూలం మిగిలి ఉంది. భాగస్వామికి చికిత్స జరగలేదా, మూత్రం పూర్తిగా ఖాళీ కావడం లేదా, ప్రోస్టేట్‌లో ఇన్ఫెక్షన్ దాగి ఉందా, మూత్రనాళం ఇరుకైందా, రాయి ఉందా అని వరుసగా చూడాలి. గుండె లయకు వాడే అమియోడరోన్ మందు వల్ల ఇన్ఫెక్షన్ లేకుండానే ఎపిడిడిమిస్ వాచవచ్చు. దానికి యాంటీబయాటిక్ కాదు, గుండె వైద్యుడు మోతాదు తగ్గించడమే మార్గం.

## రాకుండా చూసుకోవడానికి

కండోమ్ వాడితే పూర్తిగా రక్షణేనా?

ప్రతిసారీ, మొదటి నుంచి చివరిదాకా వాడితే క్లమీడియా, గనేరియా ముప్పు బాగా తగ్గుతుంది. కొత్త భాగస్వామి ఉన్నప్పుడు లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయించుకోవడం రెండో రక్షణ. కలిసిన వెంటనే డెట్టాల్ నీళ్ళతో కడుక్కుంటే చాలనుకునేవారు ఉన్నారు. దానివల్ల చర్మం మండుతుంది తప్ప మూత్రనాళంలో చేరినది పోదు.

గవదబిళ్ళల టీకా పెద్దయ్యాక కూడా వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి ఉండే ఎంఎంఆర్ టీకా, కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు. టీకా వేసుకున్నవారిలోనూ కొందరికి గవదబిళ్ళలు వస్తాయి, అయితే వృషణాల వాపు వంటి చిక్కులు వారిలో తక్కువ. ఇది బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసినది కనుక రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి వేయరు.

మా నాన్నగారికి డెబ్బై ఏళ్ళు, మూత్రపు గొట్టం ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

గొట్టాన్ని ముట్టుకునే ముందూ తరువాతా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మూత్రం చేరే సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందికే ఉండాలి, నేలకు తగలకూడదు. గొట్టం మెలిపడకుండా చూడాలి. అవసరం తీరిన రోజే తీసేయించాలి, ఇంకొన్నాళ్ళు ఉంచితే మంచిదని అనుకోవద్దు. గొట్టం లేకుండా ప్రోస్టేట్ ఇబ్బంది మాత్రమే ఉంటే దానికి మందు వాడటం, మూత్రం ఆపుకోకపోవడం, సరిపడా నీళ్ళు తాగడం అవసరం. పెద్దవాళ్ళు రాత్రి లేవవలసి వస్తుందని నీళ్ళు మానేస్తారు. పగలు ఎక్కువగా, సాయంత్రం తరువాత తక్కువగా తాగమని చెప్పండి. ఆ వయసులో వృషణాల ఇన్ఫెక్షన్ ఒక్కోసారి నొప్పి కంటే ముందు జ్వరంగా, అయోమయంగా బయటపడుతుంది. కొడుకుతో ఈ మాట చెప్పుకోవడం ఆయనకు కష్టం కావచ్చు. జ్వరం వచ్చినప్పుడు అక్కడ నొప్పి ఉందా అని మీరే అడగండి.